చుట్ల లెక్క

దేవరకొండ బస్టాండు వెనుక సందుల
నా దుకాణం.
బోర్డు మీద అక్షరాలు ఎండకు ఎలిసిపోయినయి.
వైండింగ్ జానీమియా అంటే
ఎవలైనా తొవ్వ చూపిస్తరు.

ముప్పై ఏండ్లు కాలిన మోటర్ల మీదనే బతికిన.
మూత ఇప్పకముందే
వాసన పట్టి చెప్పేటోణ్ణి,
ఏ ఫేజు పోయిందో,
ఎవరి మడి ఎండిందో.

యాసంగి వచ్చిందంటే
గుమ్మం ముందు మోటర్లు వరుస కట్టేటివి,
సర్కారు దవాఖాన ముందు మనుషుల్లెక్క.
లో వోల్టేజీ ఒక జ్వరం.
మాడిన తీగె కత్తిరించి లాగుతుంటే
మసి గోర్లల్ల దిగేది.
నా నిఖా నాడు గూడ పోలే.

తర్వాత కొత్త రాగి.
ఒకటి, రెండు, మూడు...
లెక్క తప్పితే మళ్ల మొదలు.
నడుమల పిలిస్తే
మా అమ్మకైనా జవాబియ్య.

రూప్లా నాయక్‌ది తండా పక్కన మూడెకరాల బత్తాయి.
నెలకోసారి వచ్చేటోడు,
మోటరును బండి వెనుక తాడేసి కట్టుకొని.
కరెంటు రాత్రి ఒంటిగంటకిచ్చేటోళ్లు.
అతని తమ్ముడు లాల్యా
ఒంటిగంటకే స్టార్టర్ కాడికి పోయి
తెల్లారి గట్టు మీద దొరికిండు.
చేతిల టార్చిలైటు ఇంక ఎలుగుతనే ఉన్నదట.
ఆ మోటరు నేను చుట్టిందే.
చుట్లన్నీ సరిగ్గనే ఉన్నయి,
ఇప్పి చూసిన, రెండుసార్లు.

పోయినేడు నాయక్ చేన్ల సోలార్ పలకలు దిగినయి,
దక్షిణం దిక్కు మొఖాలు పెట్టి.
పొద్దు పొడిస్తే నీళ్లు,
పొద్దు గుంకితే నిద్ర.
ఎన్నేండ్లకో ఆ ఇంట్ల
రాత్రి రాత్రయింది.

మొన్న వచ్చిండు, మోటరు లేకుంట,
సంచి నిండ బత్తాయిలతోని.
"ఏం కాలింది నాయక్?"
"ఏం కాలలే. ఊకెనే వచ్చిన."
స్టూలు మీద కూసున్నడు. చాయ్ తాగిండు.
ఇద్దరికీ మాట దొరకలే.
మా దోస్తానంత కాలిన తీగె మీదనే నడిచిందని
అప్పుడెర్కయింది.

పోయేటప్పుడు గడప కాడ నిలవడ్డడు:
"ఎండకు బిల్లు లేదు భాయ్,
పొద్దంత పారుతున్నయి.
కని బోరుకు అడుగున్నది గద.
ఇగ చాలనే బుద్ధి ఏ పలక ఇస్తది?"
నా దగ్గర దానికి స్పేరు పార్టు లేదు.

వార్నిష్ డబ్బా మీద తోలు కట్టింది.
పాత సామాన్లు కొనేటోడు రెండుసార్లొచ్చి
తక్కెడ చూపిచ్చి పోయిండు.
చెయ్యి మాత్రం ఊకుంటలేదు.
అన్నం తింటుంటే గూడ వేలు
గిన్నె అంచు మీద తిరుగుతది.

శుక్రవారం కొండమల్లేపల్లి నుంచి
బుగ్గమ్మ అనే ఆమె
బ్యాటరీ ఆటోను తాడుతో గుంజిచ్చుకొచ్చింది.
"డీజిల్ అప్పు దిగింది, బ్యాటరీ అప్పెక్కింది,"
నవ్వుకుంటనే అన్నది.
"మోటరు మార్చాలె, పందొమ్మిది వేలంటున్నరు కంపెనోళ్లు.
నువ్వు ఇప్పి చూడరాదే!"

ఇప్పితే
అయస్కాంతాలు నా స్క్రూడ్రైవర్‌ను గుంజుకున్నయి,
పసిపిల్ల వేలు పట్టుకున్నట్టు.
వాటి వెనుక,
ఎంట్రుకలంత సన్నగ,
రాగి.
ముక్కు దగ్గర పెట్టిన.
అదే మాడు. ఏం మారలే.

ఫోటో తీసుకున్న, సుద్దముక్కతో నేల మీద గీసుకున్న.
తీగెలు పన్నెండు ఒక్కటిగ కలిపి చుట్టాలెనట.
మొదటిసారి తప్పిన. రెండోసారీ తప్పిన.
మూడోసారి, ఆదివారం మాపటికి,
ఇరవయ్యారో గాడి కాడ ఉండంగ
వెనుక ఎవరో నిలవడ్డట్టనిపిచ్చింది.

బుగ్గమ్మ. వాళ్ల వదినె ఆటోల వచ్చిందట.
బండి ఆగిన చప్పుడే లేదు.
ఎంతసేపయిందో నిలవడి,
పలకరియ్యలే, దగ్గలే.

నేను తల తిప్పలే.
"నాలుగు," అన్న పైకే.
కొంచెం ఆగి
"అయిదు,"
అన్నదామె.