ఎడం వైపు హీటరు

ముందు బానెట్ మీద చెయ్యి పెట్టు, అంది దులామ్.
గ్లవ్ తీసి పెట్టు.
వెచ్చగా తగిలిందా, వెనక్కి తిరుగు.
నువ్వు రాకముందే ఎవడో దాన్ని బతిమాలి లేపాడన్నమాట.

ట్రాలీబస్సుల డిపోలో ఇరవై రెండేళ్లు
గ్రీజులో వేళ్లు నానబెట్టిన మనిషి.
నేనా, బేకరీలో పిండి కలిపేదాన్ని.
పొంగిందో లేదో వేలితో నొక్కి చెప్పగలను.
కార్ల గురించి నాకు తెలిసింది
వాటి రంగులు.

ఉలాన్‌బాతర్‌లో జనవరి, మైనస్ ముప్పై రెండు.
తెల్లవారుజాము మూడింటికి బస్సులుండవు.
బొగ్గుపొగలో, కనురెప్పల మీద మంచు కట్టుకుని
మూడు చలికాలాలు నడిచి మిగిల్చిన డబ్బు
కోటీ పది లక్షల తుగ్రిక్‌లు
లోపలి కోటు జేబులో, గుండెకి ఒత్తుకుంటూ.

మొదటిది తెల్లది.
మీటరు మీద అరవై రెండు వేలు.
దులామ్ మీటరు వైపే చూడలేదు.
వంగి, బ్రేకు పెడలు రబ్బరు తడిమింది:
ఏటి గులకరాయిలా నున్నగా.
"అరవై వేలకి ఇంత అరగాలంటే
తొక్కింది ఏనుగు అయ్యుండాలి."
అమ్మేవాడు వాళ్లమ్మ మీద ఒట్టేశాడు.
ఒట్టు వద్దు నాయనా, రసీదు చూపించు, అంది.

రెండోది నీలం. నాకు మనసైంది.
అద్దానికి మూడు సెంటు చెట్లు వేలాడుతున్నాయి.
ఇన్ని వాసనలు ఎందుకమ్మా, అని
సీటు బెల్టుని చివరికంటా లాగింది దులామ్.
ఎన్నడూ ఎండ చూడని ఆ ఆఖరి జానెడులో
గోధుమరంగు చార, ఒండ్రు.
జపానులో ఏ వరదలోనో
మెడదాకా మునిగి తేలిన బండి.
పైన పటారం.
ఆ నీలం మీద నుంచి కళ్లు మరల్చడానికి
నాకు రెండు రోజులు పట్టింది.

మూడో కారుకి ఏడింటికి రమ్మన్నారు.
ఆరింటికే వెళ్లాం.
పాత బొంత కప్పుకుని నిద్రపోతోంది.
ఒక తలుపు వేరే రంగు.
గ్లవ్ తీసి చెయ్యి పెట్టాను.
చర్మం అతుక్కుంది. అంత చల్లన.
దులామ్ మొహంలో మొదటిసారి నవ్వు.

నైట్‌డ్రెస్ మీద కోటు తొడుక్కుని దిగొచ్చాడు యోందోన్.
అడక్కముందే మొదలెట్టాడు:
హీటరు ఎడం వైపే వస్తుంది.
బ్యాటరీలో రెండు సెల్స్ మార్పించాను, ఇదిగో బిల్లు.
ఆ తలుపు నా తప్పే, గేటుకి కొట్టాను.
ఎందుకు అమ్ముతున్నావు?
కవలలు. వెనక సీటు చాలట్లేదు.

తాళం తిప్పాడు.
ఒకసారి దగ్గింది. ఇంకోసారి దగ్గింది.
ఊపిరి అందుకుంది.
లోపల్నించి ఒకావిడ జపనీసులో ఏదో చెప్పింది.
ఏమంటోంది? అన్నాను.
ఆరేళ్లుగా వింటున్నాను, తెలీదు, అన్నాడు.
కోపంగా మాత్రం ఎప్పుడూ లేదు.

బేరం ఆడాలని మర్చేపోయాను.
దులామే హీటరు పేరు చెప్పి మూడు లక్షలు కోసింది.
వాళ్లావిడ చక్రాల మీద పాలు చిలకరించింది,
చుక్కలు నేల తాకేలోగా గడ్డకట్టి
పూసల్లా దొర్లాయి.

ఇప్పుడు మూడింటికి నేనే నడుపుతాను.
తెర మీద మ్యాపులో ఈ ఊరు లేదు.
రోడ్డు లేదు, నది లేదు,
తెల్లటి ఖాళీలో ఒక చిన్న బాణం, అది నేను.
స్టీరింగు కుడి వైపు, వేడి ఎడం వైపు.
నా వేళ్లు కొంకర్లు పోతుంటాయి,
పక్క ఖాళీ సీటు మాత్రం హాయిగా కాగుతుంది.

వారం రోజులు తిట్టుకున్నాను.
నిన్న ఇంటి దగ్గరే పిండి తడిపి
గిన్నె ఆ సీట్లో పెట్టి, బెల్టు కట్టాను.
బేకరీ ముందు ఆగి
మూత తీసి వేలితో నొక్కాను.

పొంగింది.