మిగిలిన చుక్క

రెడ్‌హిల్స్‌లో బుధవారం కళ్ళ డాక్టరొచ్చే రోజు.
ఎనిమిదింటికే సీసా పట్టుకుని
గాజు పెట్టెల మధ్య నిలబడతాను.
నిజానికిది పెద్దవాళ్ళ మందు,
తాతల శుక్లాల కోసం పుట్టింది.
ఫార్మసీలో సగానికి సగం
కృత్రిమ కన్నీళ్ళు కలిపి పలచన చేస్తే తప్ప
కిలో నూట యాభై గ్రాముల మనిషికి పనికిరాదు.

మనిషి అనే అంటాను.
పేరింకా పెట్టలేదు. కాలి పట్టీ మీద
షాహెదా బేగం ఆడబిడ్డ అని మాత్రం ఉంది.
పుట్టి ముప్పై రోజులు.
పుట్టాల్సిన రోజు ఇంకా రాలేదు.

పాలు గంట ముందే ఆపేశాను.
పొట్ట తడిమాను, మెత్తగానే ఉంది.
కింది రెప్పను వేలికొసతో దించి
ఒకటే చుక్క.
గడియారం చూసి, పావుగంటకి ఇంకొకటి.
పాప విచ్చుకోలేదని
వరసపెట్టి పోయడానికి ఇదేం తులసి మొక్క కాదు.
విచ్చుకోకపోతే అదీ ఒక కబురే,
డాక్టరుకు చెప్పాలి.

చెంప మీదికి జారుతుందే,
ఆ మిగిలిన చుక్క,
నాకు భయమంతా దానితోనే.
కంట్లో నిలిచింది కంటిపాపను తెరుస్తుంది.
పొర్లింది
పల్చని చర్మంలోంచి, ముక్కు దారిన,
గుండెదాకా నడిచిపోతుంది.
అందుకే దూది.
అందుకే ముక్కు పక్కన, కంటి మూల
నా చిటికెనవేలు ఒక నిమిషం,
గుమ్మంలో కూర్చున్న ముసలమ్మలా.

నా కొత్తలో ఒకసారి
ఫోన్ మోగితే అటు వెళ్ళాను, తుడవకుండా.
తిరిగొచ్చేసరికి
రెప్పల చుట్టూ సున్నం కొట్టినట్టు తెలుపు.
మానిటర్ మీద అంకె
మెట్లు దిగుతోంది.
అరికాలు గీరాను. మళ్ళీ గీరాను.
ఊపిరి తీశాడు.
ఆ పిల్లాడిప్పుడు ఏడో తరగతిలో ఉండాలి,
పరుగు పందేల్లో ఓడిపోతూనో గెలుస్తూనో.
నేను మాత్రం ఆనాటి నుంచి
దూది చేతికి తీసుకున్నాకే సీసా మూత తిప్పుతాను.

తలుపు అద్దం అవతల షాహెదా.
"సిస్టర్, బిడ్డ నన్ను చూస్తున్నదా?"
"ఇప్పుడు దానికి అంతా వెలుగే తల్లీ,
మనిషీ గోడా తేడా తెలవదు,
జర ఆగు" అని
పెట్టె మీద పచ్చగుడ్డ కప్పాను.
బిడ్డనీ పాపే అంటాం,
కంటి నడుమ నల్లనిదాన్నీ పాపే అంటాం.
ఈ గుడ్డ ఎవరి కోసమో అడిగితే చెప్పలేను.

డాక్టరు చూసి వెళ్ళాడు. వారం తర్వాత మళ్ళీ.
డ్యూటీ అప్పగిస్తూ రాశాను:
పొట్ట ఉబ్బితే కొలవండి,
ఊపిరి ఆగితే లెక్కపెట్టండి, రేపటిదాకా.

మెహదీపట్నం బస్సులో సీటు దొరకలేదు.
పై కడ్డీ పట్టుకున్న చేతిలో
చిటికెనవేలు మాత్రం
ఇంకా ఎవరి ముక్కు పక్కనో ఆని ఉన్నట్టే ఉంది,
మెత్తగా.