సున్నా రూపాయల గది

నూటికి రెండు.
వడ్డీ అనుకునేరు, పాయింట్లు.
నాలుగు పాయింట్లు కలిస్తే ఒక రూపాయి.
ఫ్యాక్టరీ జీతం ఖాతాతో పాటు అంటగట్టిన కార్డు,
ఏడాది పొడుగునా బియ్యం డబ్బాలో పడుకుంది,
పురుగు పట్టకుండా వేసిన వేపాకు పక్కన.

దాన్ని నిద్ర లేపింది మా పాప.
మూడో తరగతి పుస్తకంలో కొండ బొమ్మ చూపించి
"ఇట్టాంటిది మనూళ్లో ఎక్కడుందమ్మా?" అంది.
చీమకుర్తిలో మాకు కొండంటే గొయ్యి.
తలెత్తి చూసేది కాదు,
అంచున నిలబడి లోపలికి తొంగి చూసేది.

అరకులో గది రాత్రికి రెండువేల రెండొందలు.
అంటే ఎనిమిదివేల ఎనిమిదొందల పాయింట్లు.
అంటే నాలుగు లక్షల నలభైవేలు ఖర్చుపెట్టాలి,
నెలకి తొమ్మిదివేలు దాటని మా ఇంట్లోంచి.

అందుకని వీధిని చేబదులు తీసుకున్నా.
బ్రహ్మారెడ్డి గారి బోరు మోటారు నా కార్డు మీదే,
మస్తానమ్మ కోడలి సీమంతం చీరలు
ఒంగోలు గాంధీ రోడ్డులో నేనే ముందుండి గీకించా,
కరీమున్ ఫ్రిజ్జు, ట్యూషను మాస్టారి స్కూటరు టైర్లు.
డబ్బు వాళ్లు లెక్కబెట్టి చేతిలో పెట్టేవాళ్లు,
పాయింట్లు నావి.
పరిగె ఏరుకునే వాళ్లకి చేను ఎవరిదైతే ఏంది?

మరిది పెంచలయ్య టిప్పరుకి
నాలుగు నెలలు డీజిల్ కొట్టించా.
అయిదో నెల ఫోన్లో ఒక పిల్ల తియ్యగా చెప్పింది,
"డీజిల్‌కి రావండీ" అని.
ఆ పూట నాకు అన్నం సయించలా.

ఆరో తారీకు గడువు.
అయిదో తారీకు రాత్రి నేను నిద్రపోను.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం
పాలిషింగ్ మిషను మా ఆయన చెయ్యి అడిగింది.
రెండు వేళ్లిచ్చి వచ్చాడు.
ఆసుపత్రిలో లక్షా పద్దెనిమిదివేలు.
కౌంటరు దగ్గర కార్డు ఇచ్చిన చేత్తోనే
కళ్లు తుడుచుకున్నా.
కమ్మలు, గొలుసు తాకట్టు పెట్టి
ఆరో తారీకు లోపలే కట్టేశా.
అదీ నూటికి రెండే, కాకపోతే ఈసారి వడ్డీ.

నెల తిరిగేసరికి ఫోన్లో ఎప్పుడూ లేనంత పెద్ద అంకె.
రెండువేల మూడొందల అరవై.
పాల చీటీ వెనక రాసుకుంటా నేను, అన్నీ.
ఆ వరస రాయలా.
మొత్తంలో మాత్రం కలిపేశా.
ఈ సంగతి ఇప్పటిదాకా ఆయనకి తెలీదు.

రైలుకి డబ్బులిచ్చే కొన్నాం.
క్యారియర్లో మూడు పూటలకి చింతపండు పులిహోర,
సంచిలో చలిమిడి, పాత నీళ్ల సీసాలు.
సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలిద్దరూ కేకలు,
వెలుగు రాగానే ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకుని నవ్వులు.
ఆయన కిటికీ వదల్లేదు.
"ఇంత రాయి పెట్టుకుని
ఊరికే ఉంచారే!" అన్నాడు,
కొండని తిడుతున్నాడో మెచ్చుకుంటున్నాడో.

హోటలబ్బాయి చీటీ చించి ఇచ్చాడు.
కట్టవలసినది: సున్నా.
"ఉత్తినేనా అమ్మా?" అంది పాప.
నేను చీటీని నాలుగు మడతలు పెట్టి
జాకెట్లో దోపుకున్నా.
మిగిలినవి నలభై ఒక్క పాయింట్లు,
పది రూపాయల పావలా.

కాళ్లు కడుక్కోడానికి పోయినాయన
లోపల్నించి నా పేరు పెట్టి పిలిచాడు.
కుళాయి కింద నల్లటి రాయి,
అందులో బంగారు నలుసులు,
చీకట్లో ఎవరో గింజలు చల్లినట్టు.
ఎక్కడున్నా పోల్చుకోగలం, అది మా గొయ్యి.
మిగిలిన మూడేళ్లతో అంచు పొడుగునా తడిమి
"మూల దగ్గర పాలిష్ సరిగ్గా పట్టలా" అన్నాడు.

పొద్దున గది ఖాళీ చేస్తా ఉంటే
మమ్మల్ని గుమ్మంలో ఆపి వెనక్కి పోయాడు.
హోటలు తువ్వాలు ముట్టుకోలేదు,
భుజం మీది తన తుండుగుడ్డతోనే
ఆ రాయి తుడిచి వచ్చాడు.