ఉప్పుచేపల దండు

పేరు కుదరడానికే మూడు రాత్రులు పట్టింది.
ఉక్కు తోడేళ్ళు అప్పటికే ఎవరో తీసేసుకున్నారు,
నల్ల తోడేళ్ళు కూడా.
క్లైపెడా రేవులో క్రేన్ దిగొచ్చిన నా చొక్కా వాసన పట్టి
మా చెల్లి స్కైస్తె ముక్కు మూసుకుని అంది
ఉప్పుచేపలు అని పెట్టుకో.

మొదట ఐదుగురం. చలికాలానికి నలభై.
నాకిక కత్తి తిప్పే తీరికేది?
ఎవరికి రేపు పరీక్షో
ఎవరి మైకులో పసిపిల్ల ఏడుస్తోందో
కాగితం మీద రాసుకునేవాణ్ణి.

మంచు డ్రాగన్ కూలిన రాత్రి
ఒకే ఒక్క డాలు రాలింది.
ఉగ్నియుస్ తనదన్నాడు, దైవా తనదంది.
చీట్లు వేశాను. దైవాకి వచ్చింది.
తెల్లారేసరికి పంతొమ్మిది పేర్లు మాయం.
ఖజానా పెట్టె ఊడ్చేసి
ఒక్క రొట్టెముక్క వదిలారు,
వెటకారానికో, జాలికో.

ఇప్పుడు గురువారాలు ఏడుగురం.
కోటల జోలికి పోం.
ఆటలోని ఏటి ఒడ్డున గాలాలేసి కూచుంటే
దైవా తన రాత్రి బస్సెక్కిన తాగుబోతుల కథలు చెబుతుంది.

నిన్న ఎవరో కొత్త పేరుతో తలుపు తట్టారు.
గొంతు మార్చాడు గానీ
ఆ పొడిదగ్గు ఉగ్నియుస్‌దే.
గురువారం ఖాళీయేనా,
అని మాత్రం అడిగాను.