మొదటి నుంచి

దేవరకొండ జిల్లా పరిషత్ హైస్కూలు, ఆరో తరగతి గది.
నల్లబల్ల మీద నా చేతిరాత ఇంకా చెరగలే,
భిన్నాల కూడిక, మార్చి నెలది.
దాని కింద గొంగడి పరుచుకొని కూసున్నడు
కడారి లింగమల్లు.

ఎండకాలం శిబిరం, పదిహేను దినాలు.
ఆ గదిల కోలాటం, ఈ గదిల డప్పు, మా గదిల ఒగ్గుకథ.
ఇన్‌చార్జి నేను, లెక్కల సారును.
తాళం అంటే గేటుకు వేసేదని తప్ప
ఇంకోటి తెల్వనోన్ని.
పిల్లలు ముప్పై ఒక్కరు,
మజ్జిగ ప్యాకెట్లు ముప్పై.

ఫ్యాను వేస్తే ఆయనే బందు చేసిండు.
"సల్లగాలికి డోలు మూగదైతది సారూ."
బయట శాయిలు డోలును ఎండకు పెట్టి
పసిపిల్లకు నూనె రాసినట్టు తోలు తడుముతుండె.
పిల్లల అంగీలు ఈపులకు అంటుకున్నయి.
డోలు మాత్రం ఖణేలుమన్నది.

ఎల్లమ్మ పుట్టుక ఎత్తుకున్నడు.
నాలుగు దిక్కులకు దండం,
తొలిమందకు దండం,
మంద కాసిన కుక్కకు సుత దండం.
రమావత్ మోతి చెయ్యి లేపింది:
"తాతా, ఆ ఆఖరి మాట మళ్ళొకసారి?"
లింగమల్లు కండ్లు మూసుకొని
తూర్పు దిక్కు కాడికి పోయిండు.

ఒక్కసారైతే సరే.
ఎవరన్న దగ్గినా, నీళ్ళకు లేచినా,
రోడ్డు మీద లారీ హారను కొట్టినా,
తెగిన కాడ ముడి వేయడు.
మళ్ళ తూర్పు దిక్కే.

మూడోనాడు అడిగిన, కొంచెం కోపంగనే:
"ఆగిన కాడి నుంచి ఎత్తుకోరాదే,
పేజీ మలిచి పెట్టుకున్నట్టు?"
ఆయన నన్ను జాలిగ చూసిండు.
"మంద నడుమ నుంచి కదులుతదా సారూ?
ముందటి పొట్టేలు అడుగేస్తెనే
ఎనకటిది తల లేపుతది."

చిన్నప్పుడు డిండి వాగు దాటి
చందంపేట గుట్టల ఎంట తండ్రి ముందు నడుస్తుంటె
ఎనుక ఈయన కథ అప్పజెప్పేటోడట.
మాట తప్పితే తండ్రి కర్ర నేలకు కొట్టి ఆగేటోడు.
మందా ఆగేది.
మొదటి నుంచి చెప్పినంకనే అడుగు.
"ఒక్కోనాడు పొద్దూకినా ఒక్క చెల్క దాటకపోయేది."
నవ్విండు. ముందటి పన్ను ఒక్కటే.

కోలాటం గదోళ్ళు మూడు జడలు అల్లిన్రు.
డప్పు గదోళ్ళు ఏడు దరువులు నేర్చిన్రు.
మా గదిల ఎల్లమ్మ ఇంకా పుట్టలే.
పన్నెండోనాడు లెక్కగట్టిన:
మొదళ్ళు నూటనాలుగు, కొసలు సున్నా.
పై ఆఫీసు పంపిన ఫారంల ఒక గడి ఉండె,
పూర్తయిన భాగం, శాతంల.
పెన్ను మూత తీసి, మళ్ళ పెట్టిన.

ఆఖరు సభ. శాలువలు, ప్లాస్టిక్ కుర్చీలు.
మాకు పది నిమిషాలు.
ముప్పై ఒక్క గొంతులు కుక్కకు దండం పెట్టేటాళ్ళకు
ముఖ్య అతిథి గడియారం చూసుకొని లేచిండు.
కుర్చీలు గరగర గీసుకున్నయి.
లింగమల్లు ఆగిండు.
వద్దు తాతా, వద్దు, అనుకున్న లోపల.
తూర్పు దిక్కుకు తిరిగి చేతులెత్తిండు.

తెల్లారి రిజిస్టర్ కోసం పోయిన.
నల్లా కాడ మోతి.
బోర్లించిన బకెట్టే డోలు.
ఎదురుంగ తమ్ముడు, చేతిల సగం తిన్న మామిడికాయ.
దిక్కులు అయినయి, మంద అయింది,
కుక్క అయింది,
నేను ఎన్నడూ వినని మాటొకటి వచ్చింది.
ఆ ముసలాయన అది ఎప్పుడు చెప్పిండో,
నేను ఏ కూడికల ఉన్ననో.

"ఇంగేమైందక్కా?" అన్నడు పోరడు.
"చూడు, తెంపినవ్" అని తిట్టి
చేతులెత్తింది మోతి
తూర్పు దిక్కుకు.

గేటు తాళంచెవుల గుత్తి నా చేతిల ఉండె.
చప్పుడు కాకుంట పిడికిట్ల పట్టుకొని
అట్లనే నిలబడ్డ.