ఐదో సంతకం

ఐసు దిమ్మలు దింపిస్తుంటే
కానిస్టేబులొచ్చి నా కాటా పక్కన నిలబడ్డాడు.
"అసిరమ్మా, కేజీహెచ్‌కి రావాల.
పంచాయతీదారు ఒకరు తక్కువయ్యారు."

ఎవరు పోయారని అడగలేదు.
హార్బర్‌లో కాకులకి కూడా తెలుసు ఆ పొద్దున:
తెడ్డు పోలిరాజు. రెండు బోట్ల సందులో,
బోర్లా.

"నాను రానంటేనో?"
గోనెకి చేతులు తుడుచుకుంటూ అడిగాను.
"అనొచ్చు," టోపీ తీసి తల గోక్కున్నాడు,
"కారణం కాయితమ్మీద నిలబడాల గానీ."

కారణాలకేం కరువు.
ఐసు కరిగిపోతుంది.
శవాన్ని చూస్తే మూడు రోజులు నాకు అన్నం దిగదు.
పోలిరాజు కొడుకు నాకు బాకీ,
ఆ బోటు ఓనరుకి నేను బాకీ.
ఆఖరిది మాత్రం పళ్ల దగ్గరే ఆగిపోయింది.

ఆటో కేజీహెచ్ ఎత్తు ఎక్కుతుంటే
వెనక సముద్రం కిందికి జారిపోయింది.

మార్చురీ గుమ్మంలో నలుగురు.
ఒకడు టీ కొట్టువాడు.
ఒకడు తమ్ముడికి ఎక్స్‌రే తీయించడానికి అరకు నుంచి దిగి
గేటు దగ్గర దొరికిపోయినవాడు.
మిగతా ఇద్దరూ గోడవైపు తిరిగి ఉన్నారు.
సంతకాలు అప్పటికే అయిపోయాయి,
ఒక చేత్తో ముక్కు మూసుకుని
రెండో చేత్తో పెట్టిన వంకర సంతకాలు.

"తాగి, కాలు జారి, నీట మునిగి..."
ఎస్సై చదవలేదు, అప్పజెప్పాడు.
"ఒంటిమీద వస్తువులేవీ లేవు.
ఇక్కడ పెట్టమ్మా."

ముప్పై ఏళ్లుగా చూడడమే నా కూలి.
మొప్ప ఎత్తితే చాలు, కానాగంత ఏ రాత్రి వలలో పడిందో చెబుతాను.
కన్ను లోపలికి పోయిన వంజరాన్ని
ఎంత ఐసు కింద దాచి తెచ్చినా
తాజా అని రాయను.
చేపకిచ్చే ఆపాటి మర్యాద...

"గుడ్డ తియ్యండి బాబూ."

ఉప్పుకి ఉబ్బిన చెయ్యి,
ఎండ తాగి తాగి నల్లబడ్డ చెయ్యి.
ఎడమ మణికట్టున మాత్రం
వేలెడు వెడల్పు తెల్లటి పట్టీ.
జెట్టీ జెట్టీ అంతా "టైమెంతరా పోలిరాజూ" అని అడిగే చోటు.

"వస్తువుల్లేవని రాసినారు.
ఇది లేదని కూడా రాయండి."

"గడియారాల్ని సముద్రం తీసుకుంటాది. అది మన పని కాదు."

"తీసుకుంటే తీసుకుందనే రాయండి.
మన పని కాపోతే
మరి నన్నెందుకు పిలిచినట్టు?"

ఎవరో తోశారనలేదు నేను.
ఎవరూ తొయ్యలేదనీ అనలేదు.
తెల్లగా ఉన్నదాన్ని తెల్లగా ఉందన్నాను, అంతే.
అరకు అబ్బాయి ఒక్కడూ
ముక్కు మీంచి చెయ్యి తీసి
వంగి చూశాడు.

ఎస్సై చాలాసేపు ఫోను చూసుకున్నాడు.
చివరికి కాయితం అంచున, ఇరుకులో,
చీమల బారులాంటి అక్షరాలు:
ఎడమ మణికట్టున గడియారం గుర్తు. గడియారం లేదు.
కూడబలుక్కుని రెండుసార్లు చదివి
దాని కిందే పెట్టాను ఐదోది.

మెట్ల కింద బోటు ఓనరు ఉన్నాడు.
నన్ను చూడనట్టు చూశాడు.
రేపటి నుంచి నా కాటా మీదికి
అతని చేప రాకపోవచ్చు.

పదకొండేళ్ల కిందటా ఇలాగే పిలిచారు,
బడే ఎల్లాజీ పోయినప్పుడు.
జొరమన్నాను. ఒళ్లు చల్లగానే ఉంది.
నా బదులు దారినపోయే మనిషెవరో సంతకం పెట్టాడు.
ఆ మనిషికి ఏం కనబడలేదో,
దిగువకి వస్తున్న ఆటోలో
మొదటిసారి అనుకున్నాను.