ఏడో నంబరు మంచం

గడియారం సెంటర్ల పూలకొట్ల సందు.
కరెంటు మీటర్లు గుంపుగ నిలబడ్డ కాడ
ఒరుసుకుంట మెట్లెక్కితె లాడ్జి.
మంచానికి నూటా యాభై, బకెట్ వేడినీళ్లకు ఇరవై.
దుప్పటి అడిగితె ఇస్తరు,
అడగకపోతె లేదు.

రిజిస్టర్ల పేరు: బిక్షమయ్య.
ఊరు: డిండి దాటినంక, రోడ్డు మీదనే.
పని గడిల 'పంచర్లు' అని రాసి కొట్టేసిన.
ఇయ్యాల దానికి రాలె గద.
'సాక్షి' అని రాసిన.
లతీఫ్ సాబ్ అద్దాలు ముక్కు మీదికి జార్చి
"పేపర్ల పనిజేస్తవా?" అన్నడు.
"కాద్సాబ్, కోర్టుల. చూసినోన్ని."

హాలుల తొమ్మిది మంచాలు, రెండు ఫ్యాన్లు.
ఒకటి తిరుగుతది,
ఒకటి తిరుగుతున్నట్టు చప్పుడు జేస్తది.
బత్తాయి లోడుకొచ్చినోళ్లు మూలకు,
వాళ్ల చొక్కాలకు తొక్క వాసన.
కోడలి కాన్పుకొచ్చిన ముసలాయన
వార్డులకు మొగోళ్లను రానియ్యరని
ఫోను ఛాతి మీద పెట్టుకొని కప్పు చూస్తుండు.
పరీక్షకొచ్చిన పోరడు గోడదిక్కు తిరిగి
సెల్లు లైటుల పెదవులు కదుపుతుండు.

నాది ఏడు.
ఎనిమిది మీద బోర్ల పండుకున్నాయన లేచి కూసుంటె
గుర్తువట్టిన. జానయ్య.
ఆ దినం ఎర్రలారీ దిగి
రోడ్డు మీదనే కూలవడి నెత్తి వట్టుకున్నోడు.
రేపు బోన్ల నిలబడి
నేను వేలు జూపాల్సింది ఇతని దిక్కే.

అతను గూడ గుర్తువట్టిండు. ఏమనలె.
గోడకు ఒక్కటే కొక్కెం.
అతని చొక్కా మీదనే నాది తగిలేసిన.

కింద సెంటర్ ఇంక పండుకోలె.
మిర్చీల మూకుడు సుయ్యిమంటది,
గాజుల బండామె పట్టా కప్పుకుంట ఎవర్నో తిడుతది,
బరాత్ డీజే వచ్చి కిటికీ రెక్కల్ని దడదడలాడిచ్చి పోతది.
ఎదురుంగ బట్టల దుకాణం బోర్డు
ఎర్రగ ఒకపారి, పచ్చగ ఒకపారి
మా ఇద్దరి మొకాల మీద.
ఎర్రగైనప్పుడల్ల
జానయ్య కండ్లు మూస్తుండు.

పన్నెండు దాటినంక దోమల మందు ట్యూబు
నా మంచం అంచున పెట్టిండు.
రాసుకున్న.
"బ్రేక్ తొక్కిన్నే," అన్నడు చీకట్ల,
నాతోన్నో, ఫ్యాన్‌తోన్నో.

నేనేం చూసిన?
ట్యూబుల గాలి పట్టి నీళ్ల తొట్టిల ముంచుతున్న,
బుడగలు యాడ లేస్తున్నయో అని.
ఢమాల్మంటె తలెత్తిన.
పాలక్యాన్లు దొర్లుతున్నయి,
తారు మీద పాలు, పాలల్ల టీవీఎస్ బండి.
గంతే.
తలెత్తకముందు సంగతి నాకు తెల్వదు.
వకీలు మాత్రం
"ముందుగాలే చూసిన, అడ్డగోలుగ వచ్చిండు అను" అన్నడు.
ఈ మంచం పైసలు గూడ
సచ్చిపోయినాయన పెండ్లమే కొడుకుతోని ఫోన్‌పే జేయించింది.
"అన్నా, బువ్వ తిను, ఉపాసం పండుకోకు" అన్నది.

ఆమెకు నేను కండ్లు బాకీ ఉన్న.
చెవులు తప్ప నా దగ్గరేం లెవ్వు.

పొద్దుగాల జానయ్య ముందు నా చొక్కా తీసి,
దులిపి, నాకిచ్చి,
అప్పుడు తనది తీసుకున్నడు.

పదిన్నరకు కోర్టు, పదకొండుకు తెలిసింది:
జడ్జిసాబ్ సెలవు. వాయిదా ఇరవై నాలుగు.
ఆమె మెట్ల మీద నిలబడి
మల్ల ఎంతైతదని నోట్లనే లెక్క గడుతుంది.
నేను ఆ పక్కకు పోలేకపోయిన.

సంచులకోసమని ఎనక ముందు లాడ్జికొచ్చినం.
"ఇరవై మూడు రాత్రికి రాసుకోవాల్నా?" అని
లతీఫ్ సాబ్ అడగకముందే పేజీ తిప్పిండు.
"తిరిగే ఫ్యాన్ కింద
ఒక్క మంచమే ఉన్నది. ఎవలకు?"

ఇద్దరం ఒక్కపారే
ఒకలదిక్కు ఒకలం
వేలు జూపినం.